పాత పిస్తోలుకు వెల ఎక్కడిది?

తుముకూరు జిల్లా పావగడ తాలూకాలో వెంకటమ్మనహళ్లి అనే గ్రామము ఉన్నది. తాలూకా కర్ణాటక రాష్ట్రములోనిదే అయినను దాని చుట్టును చాలవరకు ఆంధ్రదేశపు పొలిమేరలే. బడిలో పాఠము కన్నడములో సాగుతుంది. అంగడిలో బేరము తెలుగులో సాగుతుంది. వానలు తక్కువ. వేరుసెనగ పండిన ఏడు అప్పు తీరుతుంది, పండని ఏడు నగ తాకట్టుకు వస్తుంది. అట్టి ఊరిలో 2005 ఫిబ్రవరి 10వ తేదీ రాత్రి, విడిది చేసియున్న కర్ణాటక రిజర్వు పోలీసు దళముపై నక్సలైట్లు పెద్ద గుంపుగా వచ్చి పడినారు. పోలీసులు పలువురు చనిపోయినారు. పోలీసు ఉద్యోగముతో ఏ సంబంధమూ లేని సామాన్యుడొకడు కూడ ఆ దాడిలో ప్రాణము కోల్పోయినాడు. వచ్చినవారు పోతూ పోతూ దళమువారి తుపాకులను ఎత్తుకొనిపోయినారు.

మనుష్యులు పోయిన దుఃఖము ముందర తుపాకులు పోయిన మాట చిన్నదే. అయినను వర్తకుడు ఆలోచించవలసినది ఆ చిన్న మాటలో కొంత ఉన్నది. ప్రొద్దుగూకువరకు ఊరిని కాచుటకు ఉన్న తుపాకి తెల్లవారేసరికి ఎవరి మీదికి గురిపెట్టబడునో తెలియని తుపాకి అయినది. ధాన్యపు బస్తా ఎన్ని చేతులు మారినను కడపటికి ఎవరో ఒకరి పొయ్యి మీదికే చేరుతుంది. బట్ట ఎవరో ఒకరి ఒంటి మీదికి చేరుతుంది. తుపాకి ఒక్కటే, చేయి మారినకొద్దీ తన పని ఏమిటో అమ్మినవానికి తెలియకుండ చేసే సరుకు.

వెంకటమ్మనహళ్లిలో పోయిన తుపాకులకు వర్తకుడెవడును లేడు. అవి బలవంతముగా పోయినవి. కాని ఆయుధము చేతులు మారే మార్గములలో వర్తకము కూడ ఒకటి. శ్రావకులెవరును తుపాకుల దుకాణము పెట్టబోరు గనుక ఈ చర్చ అక్కరలేదని కొందరు అనవచ్చును. ఇప్పుడు వచ్చిన ప్రశ్న అది కాదు. పాత సైనిక పిస్తోళ్లను పురాతన వస్తువులుగా సేకరించి, మంచి వెల వచ్చినపుడు అమ్ముట అనే వ్యాపారమొకటి లోకములో పెరిగినది. పాత నాణెములు, తపాలా బిళ్లలు, గడియారములు కొని అమ్మేవారి సరసనే ఈ వ్యాపారి కూడ కూర్చున్నాడు. అతని చేతిలో ఉన్నది ఆయుధమా, అలంకారమా? శ్రావకుడు ఆ సరసన కూర్చుండవచ్చునా?

ఇట్టి ప్రశ్న గాలిలో నిలువదు గనుక ఒక ఇంటిని ఊహించుకొనవచ్చును. పావగడ వంటి ఊరిలో తాకట్టు వ్యాపారము, బంగారపు అంగడి గల ఇల్లు. ఇంటిపెద్ద తన కాలములో దొంగల భయమునకు లైసెన్సు తీసికొని ఒక వెబ్లీ రివాల్వరును ఉంచుకొన్నాడు. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో తయారై, ఏ దొరకో సైన్యములో నడుముకు వేలాడి, తరువాత ఈ దేశములోనే నిలిచిపోయిన రివాల్వరు. ఆయన దానిని ఒక్కసారియైనను పేల్చలేదు. ఆయన పోయిన తరువాత ఇద్దరు కొడుకులు ఇనుప పెట్టె తెరచినారు.

1959 నాటి ఆయుధ చట్టము ప్రకారము లైసెన్సుదారుడు మరణించినపుడు వారసులు ఆ ఆయుధమును ఇంటిలో ఉంచుకొనరాదు. పోలీసు స్టేషనులో గాని, లైసెన్సుగల ఆయుధ వర్తకుని వద్ద గాని అప్పగించవలెను. అప్పగించిన తరువాత, నియమితమైన గడువులోపల, వారసుడు తానే లైసెన్సు పొంది తెచ్చుకొనవచ్చును. లేదా అర్హతగల మరొకరికి అమ్మవచ్చును. గడువు దాటినచో అది ప్రభుత్వపరము. కనుక అమ్ముట నేరము కాదు. ఈ ఇంటి చిక్కు ఇక్కడనే ఉన్నది. నేరమైన పనిని మానుటకు పెద్ద ధర్మబుద్ధి అక్కరలేదు, భయము చాలును. చట్టము సరేనన్న తరువాతనే శ్రావకునికి తన లెక్క మొదలవుతుంది.

చిన్నవాడు లోకజ్ఞానము గలవాడు. విచారించి వచ్చినాడు. 1980ల నడిమినుండి విదేశీ పిస్తోళ్ల దిగుమతి సామాన్యులకు ఆగిపోయినందున, దేశములో ఉన్న పాత వెబ్లీలకు వెల విపరీతముగా పెరిగినదని తెలిసికొన్నాడు. "అన్నా, నాయన కొన్న వెల ఏమిటి, ఇప్పటి వెల ఏమిటి! ఇది ఒక్కటే కాదు. లైసెన్సు తీసికొని పద్ధతిగా చేస్తే ఇదే ఒక వ్యాపారము. వీటిని కొనేవారు పెద్ద మనుష్యులు. అద్దాల బీరువాలో పెట్టుకొని చూచుకొంటారు. దీనితో ఎవరిని చంపుతారు?" అన్నాడు.

అన్న వెంటనే బదులు చెప్పలేదు. చెప్పదగిన బదులు సులభమైనది కాదు.

శాస్త్రము ఏమన్నదో చూచుట న్యాయము. ఉపాసకదశాంగములో వాణిజ్యగ్రామపు ఆనంద శ్రావకుని కథ వర్తకులందరికి తెలిసినదే. పన్నెండు కోట్ల బంగారు నాణెములలో నాలుగు కోట్లు నిలువ, నాలుగు కోట్లు వ్యాపారములో, నాలుగు కోట్లు గృహోపకరణములలో పెట్టిన గృహస్థుడు. ఆయన మహావీరస్వామి ఎదుట వ్రతము పట్టిన సందర్భమున శ్రావకుడు చేయరాని పదిహేను వృత్తులు, అనగా కర్మాదానములు, చెప్పబడినవి. ప్రతిక్రమణములో ఆ పేర్లను చదివేవారు నేటికిని ఉన్నారు. వానిలో ఒకటి విషవాణిజ్యము. పన్నెండవ శతాబ్దిలో గుజరాతు దేశమున హేమచంద్రాచార్యులు యోగశాస్త్రములో దానిని వివరిస్తూ, విషముతోపాటు ఆయుధములను, ఇంకను ప్రాణహాని కలిగించు వస్తువులను అందులో చేర్చినారు. దిగంబర సంప్రదాయమున సమంతభద్రాచార్యులు రత్నకరండక శ్రావకాచారములో ఇదే సంగతిని మరొక వైపునుండి చూచినారు. కత్తి, గొడ్డలి, నిప్పు, సంకెల మొదలగు హింసా సాధనములను ఇతరుల చేతికి ఇచ్చుటను హింసాదానమనినారు. దానిని అనర్థదండములలో ఒకటిగా లెక్కించినారు.

ఇక్కడ ఒక మాట దాచరాదు. హేమచంద్రుల జాబితాలో నాగలి కూడ ఉన్నది, ఇనుము కూడ ఉన్నది. అట్లయితే ఇనుప అంగడి పెట్టుకొని బ్రతుకుతున్న శ్రావక కుటుంబముల గతి ఏమి? నాగలిచాలులో ఎన్ని జీవములు నలుగునో ఎవరు లెక్కపెట్టగలరు? ఈ ప్రశ్నను పెద్దలు దాటవేయక తమ తమ కాలమునకు తగిన సమాధానము చెప్పుకొంటూ వచ్చినారు. నాగలి లేనిదే అన్నము లేదు. గృహస్థుడు పూర్తిగా తప్పించుకొనలేని హింస ఒకటి ఉన్నది. దానిని తగ్గించుకొనుటయే అతనికి చేతనైనది. కాని అనర్థదండమనగా ప్రయోజనము లేని హింసాభారము. మాటలోనే ఉన్నది, అర్థము లేనిది అని. ఇప్పుడు చిన్నవాని వాదమును మరల చూచినచో అది అతనికే ఎదురు తిరుగుతుంది. ఈ పిస్తోలుతో ఎవరికిని పని లేదు, ఊరక చూచుకొనుటకే అని అతడు అన్నాడు. పని లేదు గనుక దోషము లేదని అతని భావము. శాస్త్రకారుల దృష్టిలో పని లేకపోవుటయే మొదటి దోషము. రాత్రిపూట బంగారమును కాచుటకు తండ్రి ఉంచుకొన్నపుడు దానికి ఒక కారణమైనను ఉండినది.

జైనులు ఆయుధమును ఎన్నడును తాకలేదని చెప్పుట చరిత్రకు విరుద్ధము. శ్రావణబెళగొళలో గోమటేశ్వరుని నిలిపిన చావుండరాయడు గంగరాజుల సేనాని. హొయసల విష్ణువర్ధనుని సేనాని గంగరాజు గొప్ప జినభక్తుడు. తనపైకి, తన ప్రజలపైకి వచ్చినవానిని ఎదిరించుటను విరోధి హింస యని వేరుపరచి, గృహస్థునికి దానిని పూర్తిగా నిషేధింపలేదు. వెంకటమ్మనహళ్లిలో చనిపోయిన పోలీసువాని చేతి తుపాకి అట్టిది. ఆ కర్తవ్యము వాని నెత్తిమీద ఉన్నది, వాడు దానికోసము ప్రాణమిచ్చినాడు. సేనానికిని, కావలివానికిని ఉన్న ఆ సమాధానము సేకరించి అమ్మే వర్తకునికి లేదు. వాని నెత్తిమీద ఉన్నది లాభనష్టముల చిట్టా మాత్రమే.

ఇక పాతదను మాట. పాతదైనచో పాము పడగ దించుతుందా? 1948 జనవరి 30వ తేదీన ఢిల్లీలో మహాత్ముని బలిగొన్న పిస్తోలు క్రొత్త సరుకు కాదు. ఇటలీ సైన్యముకొరకు తయారైన 1934 నమూనా బెరెట్టా. ఇటలీ ఎక్కడ, గ్వాలియరు ఎక్కడ! ఎన్ని చేతులు మారినదో మారి గ్వాలియరు చేరినది. హత్యకు రెండు దినముల ముందు గాడ్సే దానిని అక్కడ సంపాదించినాడు. ఆ నడిమి చేతులవారిలో ఎందరు దానిని ఒక యుద్ధపు జ్ఞాపకముగా మురిపెముగా చూచుకొన్నారో ఎవరు చెప్పగలరు? అహింసను గూర్చి గాంధీ మహాత్మునికి ఎన్నో సందేహములు తీర్చిన రాయచంద్‌భాయి బొంబాయిలో రత్నముల వర్తకుడు. 1891లో విలాయతునుండి తిరిగివచ్చిన దినములలోనే గాంధీ ఆయనను కలిసికొన్నాడు. ఒక జైన వర్తకుని స్నేహముచేత అహింసలో బలపడిన మనిషిని చేతులు మారిన పాత సైనిక పిస్తోలు కూల్చినది. నడిమివారిలో ఏ ఒక్కడు దానిని మరియొకరికి ఇవ్వక నిలిపియున్నను ఆ దినము ఆ పిస్తోలు అక్కడ ఉండెడిది కాదు. హంతకుడు మరొకదానిని తెచ్చుకొనియుండును, నిజమే. దానివలన హంతకుని లెక్క మారదేమో గాని నిలిపినవాని లెక్క మారియుండును.

పేలనే పేలని పిస్తోళ్లు కూడ ఉన్నవి గదా యని అడుగవచ్చును. ఉన్నవి. బాగుచేసినను పేల్చుటకు వీలులేని పాతకాలపు ఆయుధమునకు ఆయుధ చట్టము 45వ సెక్షనులో మినహాయింపు కూడ ఉన్నది. అట్టి చెకుముకిరాతి పిస్తోలు గోడకు వ్రేలాడుటవలన ఎవరికి నష్టము? ఈ వాదమునకు బలమున్నది. దీనికి సమాధానము శాస్త్రములో కంటె అంగడిలో వెదకుట మేలు. సరుకు స్వభావము తెలియవలెనన్న దాని వెల ఎందుచేత పెరుగునో, ఎందుచేత తగ్గునో చూడవలెను. వర్తకునికి ఇంతకంటె మంచి పరీక్ష లేదు.

తాకట్టు కొట్టువానికి బంగారము తెలియును. విడిపించుకొనలేక వదిలిపోయిన తాళిబొట్టు అంగడికి వస్తుంది. దాని వెనుక ఎంత ఏడ్పున్నదో కొనేవానికి తెలియనిది కాదు. కాని త్రాసు ఆ ఏడ్పును తూచదు. ఒరపిడిరాయి మీద గీచి, తూచి, తరుగు తీసి, నాటి ధర కట్టి ఇస్తారు. దుఃఖమునుండి వచ్చిన నగకు ఒక్క రూపాయి ఎక్కువ లేదు. కరిగించినచో కథ అంతయు మూసలోనే పోతుంది.

పిస్తోళ్ల అంగడిలో ఇది తలక్రిందులు. మెరుగుపెట్టి క్రొత్తదిగా చేసినచో వెల తగ్గుతుంది. జర్మనీవారి లూగరు పిస్తోలులో భాగభాగముపైనను అంకెలు కొట్టి ఉంటవి. అవి అన్నియు ఒకదానితో ఒకటి కలిసినచో వెల ఎక్కువ, ఒక ముక్క మారినచో తక్కువ. ఇంతవరకు ఇది పాత నాణెము లెక్కవంటిదే, దోషమేమియు లేదు. కాని ఆ పైన ఉన్నది అసలు మెట్టు. ఇది ఏ యుద్ధమునకు పోయినది? ఎవని నడుమున ఉండినది? దీనితో ఎవరు చచ్చినారు? 2021 ఆగస్టులో అమెరికాలోని లాస్ ఏంజెలిస్ నగరమున ఒక కోల్టు రివాల్వరు వేలమునకు వచ్చినది. 1873లో సైన్యమునకై తెచ్చిన నమూనా అది. అట్టివి లక్షలకొలది తయారైనవి. ఈ ఒక్కదానికి 60 లక్షల డాలర్లకు పైగా పలికినది. కారణమేమన, ప్యాట్ గ్యారెట్ అనే అధికారి 1881లో బిల్లీ ది కిడ్ అనే పడుచు బందిపోటును దానితోనే కాల్చి చంపినాడు. ఇనుమునకు, కొయ్యకు, పనితనమునకు ఎంత పోవునో పోనిచ్చి, మిగిలిన సొమ్మంతయు ఒక్క చావు వెల.

మనకు దగ్గరి ఉదాహరణ కూడ లేకపోలేదు. పావగడ ప్రాంతము ఒకప్పుడు టిప్పుసుల్తాను ఏలుబడిలోనిది. 1799లో శ్రీరంగపట్టణము పడిపోయినపుడు దోచుకొనిపోయిన ఆయుధములు ఇప్పటికిని లండనులో వేలమునకు వస్తూనే ఉన్నవి. 2015 ఏప్రిలులో ముప్పై వస్తువులకు సుమారు 60 లక్షల పౌన్లు వచ్చినవి. మైసూరు కమ్మరుల, కంసాలుల చేతిపని మెచ్చదగినదే, సందేహము లేదు. అయినను కోట పడి, రాజు చచ్చి, దోపిడి జరిగిన కథ దానికి తోడుకానిదే ఆ వెల రాదు.

ఇట్టి సరుకు కొన్న వర్తకుడు రాత్రి దీపము ముందు కూర్చుండి ఏమి కోరుకొంటాడు? బియ్యపు వర్తకుడు బియ్యము పురుగు పట్టకుండ ఉండవలెనని కోరుకొంటాడు. బట్టల వర్తకుడు పండుగకు ముందు పంట చేతికి రావలెనని కోరుకొంటాడు. పిస్తోలు వర్తకుడు దీనితో ఎవరినో చంపినారన్న మాట నిజము కావలెనని, చచ్చినవాడు పేరుగలవాడు కావలెనని కోరుకొంటాడు. అతడు చంపలేదు, చంపించలేదు. కృతము లేదు, కారితము లేదు. కాని మూడవది ఒకటి ఉన్నదని పాఠశాల బిడ్డలకు కూడ నేర్పుతారు గదా, అనుమోదన. అయిపోయిన చావు అయిపోయినదే. దానిని ఆపుట ఎవరివల్లను కాదు. అయిపోయినందుకు సంతోషించుట మాత్రము ఈ దినము, ఈ అంగడిలో, క్రొత్తగా జరుగుతున్న పని. పేలని పిస్తోలు విషయములో కూడ ఈ లెక్క మారదు. అది పేలదు గాని దాని వెల పేలిన దినమునుండి వస్తున్నది.

ఈ వాదము అన్ని పాత ఆయుధములను బావిలో పారవేయుమని చెప్పదు. హైదరాబాదులోని సాలార్‌జంగు మ్యూజియములో కత్తులు, బాకులు, తుపాకులు ఎన్నో ఉన్నవి. మూడవ సాలార్‌జంగు 1949లో చనిపోయిన తరువాత 1951లో మ్యూజియము తెరచినారు. 1961లో పార్లమెంటు చట్టముచేత అది జాతి సొత్తు అయినది. ఆ గదులలో నిలిచి చూచే పిల్లవానికి కత్తి మీద వెల చీటీ కనిపించదు. అది ఇక ఎవరి చేతికిని పోదు. 1914లో సారాయెవోలో ఆస్ట్రియా యువరాజును చంపిన బ్రౌనింగు పిస్తోలు కథ ఇంకను చిత్రమైనది. చనిపోతున్నవారికి అంత్యప్రార్థన చేసిన క్రైస్తవ గురువు చేతికి అది చేరినది. ఆయన మఠమువారు దశాబ్దముల తరబడి దానిని ఉంచుకొని, 2004లో వియన్నాలోని సైనిక మ్యూజియమునకు అప్పగించినారు. ఒక ప్రపంచ యుద్ధమునకు నిప్పంటించిన పిస్తోలుకు వేలములో ఎంత వెల వచ్చియుండునో లెక్కవేయుట కష్టము కాదు. ఆ మఠమువారు దానిని వేలమునకు పెట్టలేదు. వారు జైనులు కారు. వారి లెక్క వేరే పుస్తకములోనిది. అయినను వర్తకుడు చూచి నేర్చుకొనదగిన పని అది.

ఉమాస్వాతి తత్త్వార్థసూత్రములో పరిగ్రహమును వస్తువుల సంఖ్యతో గాక వాటిమీది మమకారముతో నిర్ణయించినాడు. కనుక ఒకటే పిస్తోలు గల ఇంటిలోను ప్రశ్న చిన్నది కాదు.

ఆ ఊహించిన ఇంటికి మరల వచ్చినచో, అన్నదమ్ములు రివాల్వరును చట్టప్రకారము స్టేషనులో అప్పగించి రశీదు తెచ్చుకొన్నారు. కొనగోరినవాడు లైసెన్సుగల మర్యాదస్థుడు. మంచి వెల చెప్పినాడు. ఆ సొమ్ముతో ఆడపిల్ల పెండ్లిలో సగము ఖర్చు గడుచును, కాబట్టి తమ్ముని మాటను దురాశయని త్రోసివేయుటకు వీలులేదు. అన్న రెండు దినములు ఆలోచించి ఒక్క మాట అన్నాడు.

"అద్దాల బీరువాలో పెట్టుకొనుటకే గదా ఆయన కొనేది. అధికారుల అనుమతి తీసికొని గొట్టము పూడ్పించి, ఇక పేలకుండ చేయించి ఇస్తాము. చూచుటకు ఏమియు తేడా ఉండదు. ఎంత ఇస్తాడో అడిగిరా."

తమ్ముడు అడిగి వచ్చినాడు. "అట్లయితే తనకు అక్కరలేదన్నాడు, అన్నా."

"చూచుటకే అన్నాడు గదా?"

తమ్ముడు మాట్లాడలేదు. కొంతసేపటికి, "ఆయన కొనకపోతే మరియొకడు కొంటాడు. మనము అమ్మకపోతే మరియొకడు అమ్ముతాడు," అన్నాడు.

"మరియొకడు అమ్మినచో వాని చిట్టాలో వ్రాసికొంటాడు. ఇది నాయన పుస్తకము," అని అన్న పద్దుల పుస్తకము తెరచినాడు. రివాల్వరు కొన్న దినమున తండ్రి తన చేతితో వ్రాసిన పద్దు అందులో ఉన్నది. కావలి ఖర్చు అని వ్రాసుకొన్నాడు. సరుకు అని వ్రాయలేదు, ఆస్తి అని వ్రాయలేదు. అన్న ఆ పద్దుకు ఎదురుగా, స్టేషనులో అప్పగించితిమి అని తేదీ వేసి వ్రాసి, వెల వ్రాయవలసిన చోటును వదిలిపెట్టినాడు.

రశీదు ఇనుప పెట్టెలోనే ఉన్నది. అమ్ముకొనుటకు గడువు ఇంకను తీరలేదు. పెట్టె తాళము ఈ నెల తమ్ముని వద్ద ఉన్నది.